అత్తయ్యకి షుగర్, రెండు పాదాల వాపు, అరికాళ్ల తిమ్మిరి. చెప్పుల్లేకుండా భవానీ దీక్ష చేయొచ్చా?

భవానీపురం:

అందరికీ నమస్కారమండీ. మా అత్తయ్యకి 63 ఏళ్లు. షుగర్ వచ్చి 15 ఏళ్లయింది, బీపీ కూడా ఉంది. కొన్ని నెలలుగా రెండు పాదాలూ సాయంత్రానికి వాస్తున్నాయి. చీలమండ పైన వేలితో నొక్కితే గుంట పడి కాసేపటిదాకా పూడదు. పొద్దున లేచేసరికి చాలావరకు తగ్గుతుంది. రాత్రిళ్లు అరికాళ్ల మంటలు, పగలు తిమ్మిరి. కాలి చెప్పు జారిపోయినా ఒక్కోసారి చూసుకోరు.

వాడుతున్న మందులు: షుగర్‌కి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, పయోగ్లిటజోన్ మూడూ కలిసిన మాత్ర రెండు పూటలా. బీపీకి ఆమ్లోడిపిన్ 10. మంటలకి రాత్రి ప్రీగాబలిన్ 75. ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 8.4.

మందుల షాపులో అడిగితే వాపుకి బిగుతు సాక్స్ ఇస్తామన్నారు. పక్కింటివాళ్లేమో నీరు పోయే మాత్ర ఒకటి పొద్దున్నే వేయమంటున్నారు. ఏది సరైనది? రోజూ ఇంట్లో పాదాలకి ఏం చేయాలి? అన్నిటికంటే పెద్ద సమస్య, ఆవిడ ఈ ఏడు భవానీ మాల వేసుకుంటానని మొక్కుకున్నారు. దీక్షలో చెప్పులు వేసుకోరు కదా. వద్దంటే బాధపడతారు, ఊరుకుంటే మాకు భయం. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

మెడిసిన్ ఓపీ, గుంటూరు:

అమ్మా, మీ ప్రశ్నకి సగం జవాబు మీరు రాసిన మందుల చీటీలోనే ఉంది. ఆమ్లోడిపిన్, పయోగ్లిటజోన్, ప్రీగాబలిన్, ఈ మూడూ విడివిడిగా కూడా కాళ్ల వాపు తెచ్చే మందులే. అత్తయ్యగారు మూడిటినీ ఒకేసారి వాడుతున్నారు. ఆమ్లోడిపిన్ 5 మీద ఉన్నవాళ్లకంటే 10 మీద ఉన్నవాళ్లలో వాపు ఎక్కువ, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. అది సన్నటి ధమనుల్ని వెడల్పు చేస్తుంది, సిరల్ని అంతగా చేయదు. లోపలికి వచ్చే రక్తం ఒత్తిడి పెరిగి, కేశనాళాల్లోంచి నీరు చర్మం కిందికి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు గనుక నీరు పోయే మాత్ర దీనిమీద పెద్దగా పనిచేయదు. పైగా పొటాషియం, సోడియం పడిపోతాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, కిడ్నీ మీద భారం పడుతుంది. డాక్టరు చెప్పకుండా వేయొద్దు.

పయోగ్లిటజోన్ దారి వేరు. అది కిడ్నీలు ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుకునేలా చేస్తుంది. గుండె పంపింగ్ తగ్గినవాళ్లకి ఈ మందు పనికిరాదు. మూడు మందులు కలిసిన మాత్రలో ఉండటంతో చాలామందికి తాము దీన్ని వాడుతున్న సంగతే తెలియదు. స్ట్రిప్ వెనక సన్న అక్షరాల్లో 'పయోగ్లిటజోన్ 15' అని ఉంటుంది, ఒకసారి చూడండి.

అలాగని ఈ మూడూ రేపటినుంచి ఆపేయమనడం లేదు. ఆమ్లోడిపిన్ ఆపితే బీపీ ఎగదన్నుతుంది. ప్రీగాబలిన్ హఠాత్తుగా మానితే నిద్ర పట్టదు, చెమటలు, ఆందోళన వస్తాయి, మెల్లగా దించాలి. చీటీ పట్టుకెళ్లి మీ డాక్టరుగారిని సూటిగా అడగండి: "వాపు వీటివల్ల కావచ్చా, మార్చొచ్చా?" అని. ఆమ్లోడిపిన్ మోతాదు తగ్గించి టెల్మిసార్టన్‌లాంటిది చేర్చడం మామూలుగా చేసే పనే. మూత్రంలో ప్రోటీన్ పోతుంటే దానికీ అది మేలు. చేర్చాక ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూపించుకోవాలి.

అయితే మందులమీదే నెపం పెట్టి మిగతావి వదిలేయకూడదు. 15 ఏళ్ల షుగర్ అంటే కిడ్నీ, గుండె రెండూ చూడాల్సిందే. పొద్దున కళ్లకింద ఉబ్బు, మూత్రంలో ఎంతసేపటికీ కరగని నురగ ఉంటే కిడ్నీ వైపు అనుమానం. దానికి మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయించండి, 30 లోపు ఉండాలి. పడుకుంటే ఆయాసం, రెండు మూడు దిళ్లు పెట్టుకుంటేగానీ పడుకోలేకపోవడం, మూడు రోజుల్లో 2 కిలోల బరువు పెరగడం గుండె వైపు సూచనలు. ఈసీజీ, ఎకో తీయించాలి. వీటితోపాటు రక్తంలో అల్బుమిన్, థైరాయిడ్ టీఎస్‌హెచ్, లివర్ పరీక్ష, బీ12 చూపిస్తే చాలావరకు తేలిపోతుంది. బీ12 ఎందుకంటే, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది తగ్గుతుంది, తగ్గితే ఇవే తిమ్మిర్లు వస్తాయి. షుగర్ నరాల జబ్బని సరిపెట్టుకుంటే, ఇంజెక్షన్లతో బాగయ్యేది కూడా బాగవ్వదు.

ఒక కాలు మాత్రమే వాస్తే ఇదంతా పక్కనపెట్టి అదేరోజు చూపించాలి. పిక్క నొప్పితో, పోటుతో ఒక కాలు హఠాత్తుగా వాచిందంటే సిరలో రక్తం గడ్డ అయ్యుండొచ్చు. టైలరు టేపుతో మోకాలి కింద ఎముక గుబ్బనుంచి 10 సెంటీమీటర్ల కిందికి గుర్తు పెట్టి రెండు పిక్కలూ కొలవండి, తేడా 3 సెంటీమీటర్లు మించితే ఆ అనుమానం బలపడుతుంది. చర్మం ఎర్రబడి, వేడిగా, జ్వరంతో ఉంటే ఇన్‌ఫెక్షన్. నొప్పి పెద్దగా లేకుండా ఒక పాదం మాత్రం వాచి, ఎర్రగా, రెండోదానికంటే వేడిగా ఉంటే షార్కో పాదం. దీన్ని బెణుకనుకుని నూనె రాసి నడిపిస్తుంటారు. లోపల ఎముకలు మెత్తబడి విరుగుతుంటాయి, నెలల్లో అరికాలి వంపు కూలిపోతుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. అనుమానం వచ్చిన క్షణంనుంచి ఆ కాలిమీద బరువు పెట్టకూడదు.

మన కోస్తాలో బోదకాలు కూడా ఉంది కదా. దాంట్లో చర్మం మందమవుతుంది, పొద్దుటికి తగ్గదు, రెండో కాలివేలి మొదట్లో చర్మాన్ని వేళ్లతో మడతగా పట్టుకోలేం. మీరు రాసిన లక్షణాలు అటు వెళ్లడం లేదు.

ఇక బిగుతు సాక్స్. షాపులో సైజు చూసి కొనే వస్తువు కాదది. షుగర్ ఉన్నవాళ్లకి ధమనుల్లో కూడా పూడికలుంటాయి. రక్తం కిందికి అందడమే కష్టంగా ఉన్న కాలికి బయటనుంచి బిగిస్తే వేళ్లు నల్లబడతాయి, స్పర్శ లేనివాళ్లకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ముందు ఏబీఐ చేయించండి. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె అది. 0.9 నుంచి 1.3 మధ్య ఉంటే మంచిది. 0.9 కంటే తక్కువంటే పూడిక ఉన్నట్టు. 1.3 దాటితే సంతోషించకండి, ధమని గోడలు సున్నం పట్టి గట్టిపడి తప్పు అంకె చూపిస్తున్నట్టు. అప్పుడు బొటనవేలి దగ్గర ఒత్తిడి కొలవాలి, లేదా రక్తం పారే తీరు చూపే స్కాన్, కలర్ డాప్లర్ చూడాలి. విజయవాడలో సూర్యారావుపేట, గవర్నర్‌పేట వైపు డాప్లర్ సులువుగానే దొరుకుతుంది, ఏబీఐ చేస్తారా అని ముందే ఫోన్లో అడిగి వెళ్లండి. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో చూపించుకునేవాళ్లు మెడిసిన్ ఓపీలోనే "కాళ్ల నాడి కూడా చూడండి" అని అడగండి.

రక్తప్రసరణ బాగుందని తేలితే డాక్టరు రాసిన ఒత్తిడిలోనే సాక్స్ తీసుకోవాలి. వాపు లేని పొద్దుటి పూట చీలమండ సన్నటి చోట, పిక్క లావు చోట కొలతలిచ్చి కొనాలి. లేవగానే వేసుకుని రాత్రి తీసేయాలి. పైఅంచు మడిచి వేస్తే అక్కడ తాడు కట్టినట్టు బిగుసుకుని కింద ఇంకా వాస్తుంది. క్రేప్ బ్యాండేజీతో చీలమండ ఒక్కటే చుట్టడం ఇంకా పెద్ద తప్పు.

డ్రెస్సింగ్ రూమ్:

పైన డాక్టరుగారు చెప్పినదానికి నేను పాదం సంగతి కలుపుతాను.

మొదట అత్తయ్యగారికి స్పర్శ ఎంతుందో ఇంట్లోనే చూడొచ్చు, పరికరం అక్కర్లేదు. ఆవిణ్ణి పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొనతో కుడి బొటనవేలి కొసని ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా ముట్టండి, తర్వాత కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, కుడి నడిమి వేలు, ఎడమ నడిమి వేలు. తెలిసిన ప్రతిసారీ కుడో ఎడమో చెప్పమనండి. నొక్కకూడదు, గోకకూడదు, తెలియలేదని రెండోసారి ముట్టకూడదు. ఆరింటిలో రెండుగానీ అంతకంటే ఎక్కువగానీ తెలియకపోతే పాదం తనని తాను కాపాడుకునే శక్తి పోయినట్టే లెక్క. ఆసుపత్రిలో 10 గ్రాముల ఒత్తిడి పెట్టే సన్నటి నైలాన్ పోగుతో (మోనోఫిలమెంట్), 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో దీన్నే నిర్ధారిస్తారు. చెప్పు జారిపోయినా చూసుకోరని మీరు రాశారు. అది ముసలితనపు మతిమరుపని వదిలేయకండి, స్పర్శ పోయినవాళ్లు చెప్పే మొదటి కబురు తరచూ అదే.

స్పర్శ పోయిందని తేలితే ఆ రోజునుంచి ఆవిడ పాదాల్ని ఇంట్లో ఇంకొకరు చూడాలి. "నొప్పేం లేదమ్మా" అనే మాటని లెక్కలోకి తీసుకోకూడదు. రాత్రి పడుకోబోయేముందు మంచి లైటు కింద, ఒళ్లో కాలు పెట్టించుకుని, అరికాలు, మడమ చుట్టూ, గోళ్ల అంచులు, ముఖ్యంగా వేళ్ల సందులు ఒక్కొక్కటీ విడదీసి చూడండి. ఎర్రమచ్చ, బొబ్బ, కాయ, పగులు, తడి, రంగు మారిన చోటు, ఏదున్నా రాసిపెట్టుకోండి. చేతి వెనకవైపుతో రెండు పాదాలూ తాకి వేడి పోల్చండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఇంట్లో ఉంటే రెండు పాదాల్లోనూ ఒకే చోట చూడండి, 2 డిగ్రీల సెల్సియస్ మించి తేడా రెండు రోజులు వరసగా ఉంటే ఆ కాలికి విశ్రాంతి ఇచ్చి చూపించాలి. మెట్టెలు కూడా చూడండి. పొద్దున వదులుగా ఉన్న మెట్టె సాయంత్రం వాపులో వేలిని కోస్తుంది. వాపు తగ్గేదాకా తీసిపెట్టమనండి, లేదా బాగా వదులైనవి మార్పించండి.

కడగడం గురించి చాలామందికి ఉన్న అలవాటు వేణ్ణీళ్లలో ఉప్పు వేసి అరగంట నానబెట్టడం. ఇది మానాలి. నానిన చర్మం ఎండాక ఇంకా పగులుతుంది, నీళ్లు ఎంత వేడో ఆవిడకి తెలియదు. మీ మోచేత్తో చూసిన గోరువెచ్చటి నీళ్లు, మామూలు సబ్బు, రెండు మూడు నిమిషాల్లో కడగడం అయిపోవాలి. మెత్తటి పాత నూలుగుడ్డతో రుద్దకుండా అద్ది, వేళ్ల సందుల్లో ప్రత్యేకంగా ఆరబెట్టండి. ఆ వెంటనే, చర్మం ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే, 10 శాతం యూరియా క్రీముగానీ వట్టి పెట్రోలియం జెల్లీగానీ అరికాలికీ మడమకీ రాయండి. కొబ్బరినూనైనా తప్పులేదు గానీ నేల మీద జారతారు, పైన సాక్స్ వేయాలి. సందుల్లో మాత్రం ఏదీ రాయొద్దు.

గోళ్లు స్నానమయ్యాక మెత్తగా ఉన్నప్పుడు అడ్డంగా, సూటిగా తీయాలి, మూలలు లోపలికి తవ్వకూడదు. గరుకు అంచుని గోళ్ల ఫైలుతో అరగదీయాలి. కాయల్ని బ్లేడుతో చెక్కడం, ఆనెకాయలకి షాపులో దొరికే కార్న్ క్యాప్ అంటించడం రెండూ వద్దు. ఆ క్యాప్‌లో ఉండేది ఘాటైన సాలిసిలిక్ యాసిడ్, స్పర్శ లేని కాలికి అది కాయతో ఆగదు, కింది మంచి చర్మాన్నీ తినేస్తుంది. కాయ అంటే అక్కడ బరువు ఎక్కువ పడుతోందని అర్థం. కాయ కింద రక్తం చేరి నల్లగా కనిపిస్తే పుండు లోపల మొదలైనట్టే, అది ఆసుపత్రిలో తీయాల్సిన పని.

ఇంట్లో ఉండే ఇంకొన్ని ప్రమాదాలు చెప్పి తీరాలి. రాత్రి మంటలకి వేణ్ణీళ్ల బ్యాగు, ఇసుక మూట కాపడం పెట్టొద్దు. ముళ్లముళ్లుగా ఉండే ఆక్యుప్రెషర్ చెప్పులు, చాపలు స్పర్శ లేనివాళ్లకి అస్సలు పనికిరావు. రాత్రి నేలమీద పడుకునే ఇంట్లో ఎలుకలుంటే మంచం మీద పడుకోబెట్టి పాదాలకి సాక్స్ వేయండి. స్పర్శ లేని వేళ్లని ఎలుక కొరికినా మెలకువ రాదు, ఇలా వచ్చిన గాయాలు మన దేశంలో వైద్యులు నమోదు చేసినవే. బండి వెనక కూర్చున్నప్పుడు సైలెన్సరుకి కాలు ఆనినా అంతే.

చిన్న గాయమైనా కనిపిస్తే నార్మల్ సెలైన్‌తో కడిగి, స్టెరైల్ గాజ్ పెట్టి, కాగితం టేపుతో వదులుగా అంటించి, ఆ కాలిమీద నడవకుండా ఉంచి 24 గంటల్లో చూపించాలి. పసుపు, సున్నం, టీపొడి, ఆకు పసరు, యాంటీబయాటిక్ పొడి, ఇవన్నీ పైన పెచ్చు కట్టిస్తాయి. పైకి ఆరినట్టుంటుంది, చీము కింద లోతుకి పోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్, చిక్కటి యాంటిసెప్టిక్ ద్రావణాలు కొత్తగా పుట్టే కణాల్నే కాలుస్తాయి. గాయం చుట్టూ ఎరుపు 2 సెంటీమీటర్లు మించినా, వాసన వచ్చినా, వేలు నల్లబడినా, చలిజ్వరం వచ్చినా, కారణం లేకుండా షుగర్ ఒక్కసారి ఎగసినా మర్నాటిదాకా ఆగొద్దు. ధనుర్వాతం టీకా (టీటీ) ఎప్పుడు వేయించుకున్నారో కూడా చెప్పండి.

ఎంసీఆర్ పని:

చెప్పుల సంగతి నేను చెప్తానండి. అత్తయ్యగారు వాడేవి వేలి చెప్పులైతే ముందు అవి మార్చండి. బొటనవేలికీ రెండోవేలికీ మధ్య ఉండే ఆ పట్టీయే ఎక్కువ పుళ్లకి మొదలు, పైగా స్పర్శ లేని వేళ్లు పట్టీని పట్టి ఉంచలేవు గనుకే చెప్పు జారిపోతుంది. కావలసింది ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు) షీటు వేసిన చెప్పు: ముందు రెండు వెడల్పు పట్టీలు, మడమ వెనక ఒక పట్టీ, అన్నీ వెల్క్రో. వెల్క్రో ఎందుకంటే పొద్దున బిగించి సాయంత్రం వాపుకి వదులు చేసుకోవచ్చు.

లోపలి ఎంసీఆర్ షీటు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉండాలి. బొటనవేలితో నొక్కితే దిగి, వదలగానే లేవాలి. మరీ మెత్తటి స్పాంజి కొన్ని వారాల్లో అణిగిపోయి రాయిలా అవుతుంది, అసలు గట్టిగా ఉంటే మొదటిరోజే పనికిరాదు. అడుగున మాత్రం గట్టి రబ్బరు సోలు ఉండాలి, మేకుగానీ ముల్లుగానీ దూరకుండా. కుట్టుగానీ గమ్ముగానీ ఉండాలి తప్ప మేకులు కొట్టించొద్దు. తెగిన పట్టీకి రోడ్డు పక్కన చిన్న మేకు కొట్టించుకుని, అది అరిగాక పైకి లేచి అరికాల్లో గుచ్చుకోవడం మామూలుగా జరిగేదే.

కొలత సాయంత్రం, వాపు ఉన్నప్పుడే తీసుకోవాలి. నిలబడి ఉండగా కాగితం మీద రెండు పాదాలూ గీసి, కత్తిరించి, చెప్పులోనో బూటులోనో పరవండి. కాగితం అంచులు మడత పడితే ఆ చెప్పు ఇరుకు. అన్నిటికంటే పొడుగు వేలి ముందు 1 సెంటీమీటరు ఖాళీ ఉండాలి. రెండు పాదాల సైజు తేడా ఉంటే పెద్దదానికే కొనండి. బీసెంట్ రోడ్డులో ఏ షాపుకెళ్లినా ఈ కాగితం మీ దగ్గరుంటే సేల్స్‌వాళ్ల మాట మీద ఆధారపడక్కర్లేదు.

కొత్తవి మొదటిరోజు అరగంట వేయించి తీసి చూడండి. పాదం మీద ఎర్రమచ్చ పడి అరగంటైనా పోకపోతే అక్కడ ఒత్తుతోందన్నమాట, తిరిగి తెచ్చి సరిచేయించుకోవాలి. ఏమీ లేకపోతే రోజుకో అరగంట పెంచుకుంటూ పోండి. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడమాలి, ఇసుక, పిల్లల బొమ్మ ముక్క, బొద్దింక ఏదైనా ఉండొచ్చు. ఇంట్లో నడవడానికి వేరే జత కొనిపెట్టండి. చాలా గాయాలు ఇంట్లో గడప తగిలి, మంచం కోడు తగిలి అవుతున్నవే.

భవానీపురం:

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదండీ. వేళ్లు ముట్టి చూశాం, ఆరింటిలో నాలుగు తెలియలేదు. వెంటనే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. పయోగ్లిటజోన్ లేని మాత్ర రాశారు, ఆమ్లోడిపిన్ 5 చేసి టెల్మిసార్టన్ చేర్చారు. ఎకో బాగుందన్నారు. మూత్రంలో అల్బుమిన్ నిష్పత్తి 140 వచ్చింది. ఏబీఐ రెండు కాళ్లకీ 1.0 పైనే.

మీరు చెప్పినట్టు సందులు విడదీసి చూస్తే ఎడమ కాలి నాలుగు, ఐదు వేళ్ల మధ్య తెల్లగా నాని, పాసిపోయినట్టుంది. ఆవిడకి దురద కూడా లేదట. మడమ మీద ఒక పగులు, రక్తం లేదు. ఇక దీక్ష సంగతి. ఆవిడ మనసు మార్చుకోలేదు. ఏం చేయమంటారు?

డ్రెస్సింగ్ రూమ్:

ఆ తెల్లటిది ఫంగస్ అయ్యుంటుంది, చూపించి నిర్ధారించుకోండి. ఫంగసే అయితే 1 శాతం క్లోట్రిమజోల్ క్రీము పొద్దున, రాత్రి పల్చగా రాస్తారు. సందుల్లో రాయకూడదన్నది తేమ పెంచే క్రీముల గురించి, ఈ మందుకి ఆ పట్టింపు లేదు. తెలుపు పోయినా 4 వారాలు పూర్తి చేయాలి, మధ్యలో మానితే మళ్లీ వస్తుంది. పగలు ఆ రెండు వేళ్ల మధ్య చిన్న పొడి గాజ్ ముక్క పెట్టండి, తడిసినప్పుడల్లా మార్చండి. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ, కాలంతా ఎర్రబడి జ్వరం వచ్చే ఇన్‌ఫెక్షన్లలో క్రిములు లోపలికి దూరే దారి తరచూ ఈ సందే. పగులుకి రెండు పూటలా 10 శాతం యూరియా, పైన నూలు సాక్స్. రాయితో గీకొద్దు.

దీక్ష గురించి మొహమాటం లేకుండా చెప్తాను. ఆరింటిలో నాలుగు తెలియని పాదంతో చెప్పుల్లేకుండా మండలం రోజులు తిరగడం వద్దు. నాలుగైదు గంటలు ఎండలో కాలిన బండ మీద నిలబడితే మనం కాలు మారుస్తాం, ఆవిడ మార్చరు. ఇంద్రకీలాద్రి కొండ దగ్గర జనంలో కొబ్బరి పెంకులు, కాలుతున్న కర్పూరం, అగరుబత్తి పుల్లలు కిందే ఉంటాయి. నూలు సాక్స్ వేడినీ ఆపవు, పెంకునీ ఆపవు, నున్నటి మెట్ల మీద జారతాయి కూడా.

కానీ దీక్షే వద్దనక్కర్లేదు. మాల వేసే గురుభవాని దగ్గరికి డాక్టరు కాగితంతో వెళ్లి, తోలు లేని పాదరక్షలు వేసుకోవడానికి అనుమతి అడగండి. ఆవిడ అడగలేకపోతే కొడుకు అడగాలి, ఇది సిగ్గుపడే విషయం కాదు. ఒప్పుకోకపోతే మాల వేసుకోకుండా ఇంట్లోనే పూజ, దీక్ష విరమణ రోజుల రద్దీ లేని వేళ దర్శనం. అమ్మవారి సన్నిధిలో చెప్పులు విప్పే ఆ కొద్దిసేపు కూడా పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఉండేలా చూసి, తిరిగొచ్చాక అరికాళ్లు చూడండి.

అనుమతి వచ్చి మాల వేసుకుంటే చన్నీళ్ల స్నానం రెండు పూటలా ఉంటుంది, రెండుసార్లూ ఆ సందులు ఆరబెట్టాలి. భజనలో గంటల తరబడి బాసిపట్టు వేసుకుని కూర్చోవడం వల్ల బయటి చీలమండ గుబ్బ నేలకి ఒరిసి అక్కడ కాయ కట్టి పుండు పడుతుంది. మడత దుప్పటి వేసి, అరగంటకోసారి కాళ్లు చాపించండి. కుర్చీలో కూర్చోనిస్తే ఇంకా మంచిది, అప్పుడు కాళ్లు వేలాడకుండా ముందు పీట వేయాలి.

ఎంసీఆర్ పని:

తోలు లేకుండా చేయడం కష్టం కాదండి. పట్టీలు రెగ్జిన్‌వో గుడ్డవో వేయమని ముందే చెప్పండి, లోపల ఎంసీఆర్, అడుగున రబ్బరు ఎలాగూ తోలు కాదు. రెగ్జిన్ అంచు పచ్చిగా వదిలేస్తే చర్మాన్ని కోస్తుంది, లోపలికి మడిచి కుట్టించి, కింద మెత్తటి గుడ్డ అస్తరు వేయించండి. రెండు జతలు చేయించుకోండి. స్నానం తడి తగిలిన జత ఆరేలోపు రెండోది వేసుకోవాలి, తడి ఎంసీఆర్ వేసుకుంటే ఆ ఫంగస్ తగ్గదు.

మెడిసిన్ ఓపీ, గుంటూరు:

మార్పులు బాగున్నాయి. అల్బుమిన్ 140 అంటే కిడ్నీ వడపోత దెబ్బతినడం మొదలైంది. మూడు నెలల్లో మళ్లీ చూసి నిర్ధారించుకోవాలి. నొప్పి మాత్రలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేయొద్దు, అవి కిడ్నీకీ చెడ్డ, వాపునీ పెంచుతాయి. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే కూరల్లో, పచ్చళ్లలో అన్నీ కలిపి ఒక చిన్న చెంచాకి మించకూడదు. మన గుంటూరు, విజయవాడ ఇళ్లలో అసలు ఉప్పంతా ఆవకాయలో, ఊరమిరపకాయల్లో, అప్పడాల్లో ఉంటుంది. కూరలో తగ్గించి పక్కన ఊరమిరపకాయ పెట్టుకుంటే తగ్గించినట్టు కాదు.

ఏబీఐ బాగుంది గనుక కాళ్లు ఎత్తిపెట్టడం నిర్భయంగా చేయొచ్చు. గుండెకంటే ఎత్తులో ఉండేలా పిక్కల కింద దిళ్లు, రోజుకి మూడు సార్లు 20 నుంచి 30 నిమిషాలు. మడమలు దిండుకి ఆనకుండా గాలిలో ఉండాలి, లేకపోతే అక్కడ ఒత్తిడి పుండు పడుతుంది. మేలుకున్న ప్రతి గంటకీ చీలమండని పైకీ కిందికీ 15 సార్లు ఆడించమనండి, పిక్క కండ పిండితేనే రక్తం పైకి ఎక్కుతుంది. ఆమ్లోడిపిన్ తగ్గించిన ఫలితం కొన్ని వారాల్లో కనపడాలి. సాక్స్ అప్పటిదాకా ఆగండి, అవసరం పడకపోవచ్చు.

దీక్షలో ఒంటిపూట భోజనం సంగతి ఎవరూ అడగలేదు. గ్లిమిపిరైడ్ వేసుకుని ఒక పూట తినకపోతే షుగర్ పడిపోతుంది, కిడ్నీ నెమ్మదించినవాళ్లకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. తల తిరిగి మెట్ల మీద పడితే పాదం కథ వేరేగా ఉంటుంది. మాల వేసుకునే ముందే ఏ పూట ఏ మాత్రో రాయించుకోండి. ఆవిడ దగ్గర గ్లూకోజ్ పొడి ఉండాలి, షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాములు, అంటే మూడు చిన్న చెంచాలు, నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. ఉపవాసం ఆ క్షణానికి ఆగిపోతుందని ఇంట్లో అందరికీ, గురుభవానికి కూడా ముందే చెప్పి ఉంచండి.

స్పర్శ పోయిన పాదం కాబట్టి పుండు లేకపోయినా 6 నెలలకోసారి పాద పరీక్ష చేయించండి. ఎప్పుడైనా పుండు పడి మానితే ఆ తర్వాత నెల నుంచి మూడు నెలలకోసారి. వెళ్లేటప్పుడు వాడే చెప్పులు కూడా తీసుకెళ్లండి, ఎక్కడ అణిగిందో చూస్తే బరువు ఎక్కడ పడుతోందో తెలుస్తుంది.